చేతికి ఏకు, చెవికి కామా

"ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అన్న మాటకు అర్థం రాయమంటే నాలుగో తరగతి పిల్లలు గైడులో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. మార్కు పడిపోతుంది. ఏకు అంటే ఏమిట్రా అని అడిగి చూడండి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మేకు తెలుసు, గోడకు కొట్టేది. ఏకు తెలీదు. సగం తెలిసి సగం తెలియని మాట మీద పిల్లవాడికి నమ్మకం కుదరదు. నమ్మకం కుదరని మాటను పరీక్షలో రాస్తాడు గానీ నోట్లోకి తెచ్చుకోడు.

పొందూరు బడిలో పాఠం చెప్పేవాళ్లకు ఈ ఇబ్బంది ఉండనక్కర్లేదు. బడి దాటి నాలుగు వీధులు నడిస్తే ఏకు దొరుకుతుంది. ఈ అధ్యాయం ముఖ్యంగా ప్రాథమిక తరగతుల పంతుళ్ల కోసం, పంతులమ్మల కోసం. సాయంత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే తల్లిదండ్రులకూ పనికొస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: పోలికను చేతితో నేర్పాలి, విరామ చిహ్నాన్ని చెవితో నేర్పాలి. నిర్వచనాలు హైస్కూలు దాకా ఆగగలవు.

పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువాళ్లు తక్కువే గానీ ఆ బట్ట వెనకున్న పనిని చూసినవాళ్లు ఎక్కువమంది ఉండరు. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి ఇక్కడ వాడే రకాలు. గింజ మీదున్న దూదిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకు వరసగా ఉండే సన్నటి పళ్లు పీచులోని చెత్తను, నలుసులను లాగేస్తాయి. ఆ తర్వాత గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టడం, వడకడం. ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు నూలు తీస్తారు. ఆ సన్నదనం ఏమిటో చూసి రమ్మని గాంధీగారు కొడుకు దేవదాస్ గాంధీని ఈ ఊరికి పంపారు. 1949లో ఇక్కడ ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. వడికేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లు, అందులోనూ పెద్ద వయసువాళ్లే ఎక్కువ. మన తరగతిలో కూర్చున్న పిల్లల్లో కొందరికి వాళ్లు నానమ్మలు, కొందరికి పక్కింటి మామ్మలు.

ఇప్పుడు మనం రోజూ అనే మాటలు తలుచుకోండి. దూదిపింజలా తేలిపోయాడు. పడుగూ పేకలా కలిసిపోయారు. మీటింగులో ఏకిపారేశాడు. ఒంటిమీద నూలుపోగు లేదు. చంద్రుడికో నూలుపోగు. ఇవన్నీ పత్తి పనిలోంచి, నేత పనిలోంచి పుట్టినవే. ఊళ్లో ఆ పని ఇంకా నడుస్తోంది. పిల్లవాడు బడికొచ్చి వాటికి అర్థాలు బట్టీ పడుతున్నాడు. ఈ రెంటినీ కలపడం పంతులుగారి చేతిలో ఉంది.

ఒక ఏకు, ఒక మేకు తెండి. రెండూ చేతులు మారుతూ తరగతంతా తిరగనివ్వండి. మీరు అర్థం చెప్పకండి. పిల్లలు ఏకును బుగ్గకు ఆనించుకుంటారు, ఊది చూస్తారు, రెండు వేళ్ల మధ్య నొక్కుతారు. మేకు మొనను వేలితో తాకి చెయ్యి వెనక్కి లాక్కుంటారు. అప్పుడు అడగండి: ఏకును గోడలోకి దించగలవా? గోడలోకి దిగిన మేకును ఒట్టి చేత్తో ఊడబెరకగలవా? ఈ రెంటికీ జవాబులు వచ్చాక మూడో ప్రశ్న వేయండి. మెత్తగా వచ్చి, ఇప్పుడు కదలమన్నా కదలనివాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

కాస్త ఆగండి. జవాబు వెంటనే రాదు, మనమే చెప్పేద్దామని నోరు దురద పెడుతుంది. చెప్పకండి. వెనక బెంచీలోంచి ఒకడు లేస్తాడు. "మా పిల్లి సారూ! ఇంతుండీది వొచ్చినప్పుడు. ఇప్పుడు తాత మంచం ఎక్కిందంటే దిగదు."

వాడికి జాతీయం వచ్చేసింది. ఇక గైడు అక్కర్లేదు. ఏడాది తర్వాత అడిగినా చెప్తాడు. అంతకన్నా ముఖ్యం, రేపు ఎవరిమీదో కోపం వచ్చినప్పుడు ఆ మాటను సరైన చోట వాడతాడు. భాష వచ్చిందనడానికి అంతకు మించిన రుజువు నాకు తెలీదు.

వీలైతే ఇంకో అడుగు ముందుకు వేయండి. వడికే మామ్మ ఒకరిని రాట్నంతో సహా గంటసేపు బడికి పిలవండి. హెడ్మాస్టారి అనుమతి, కూర్చోవడానికి చాప చాలు. ఆవిడ ఏకులోంచి పోగు లాగుతుంటే చూసిన పిల్లలకు "పోగు తెగింది", "చిక్కు పడింది", "పురి ఎక్కింది" అన్న మాటలకు బొమ్మ కూడా తోడవుతుంది. వడికేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు కాబట్టి ఈ పనిని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.

పత్తి ముట్టని ఇళ్ల పిల్లలూ తరగతిలో ఉంటారు. రైలు స్టేషన్ దగ్గర టీ కొట్టు నడిపే ఇంటి పిల్ల, వరి చేను ఉన్న ఇంటి పిల్లవాడు, జీడితోటల వైపు నుంచి వచ్చినవాడు. వాళ్లకు వాళ్ల ఇంటి వస్తువే పాఠం. పాలు పొంగడం చూసిన పిల్ల "కోపం పొంగింది" అన్న మాటను మనకన్నా బాగా చెప్తుంది.

ఎందులో?

పిల్లల పోలికల్లో ఎక్కువగా కనిపించే లోపం ఒకటుంది. "అమ్మ మొహం చంద్రుడిలా ఉంది" అని రాస్తారు. ఎందులో రా అంటే జవాబుండదు. ఆ వాక్యం వాళ్లది కాదు, ఎక్కడో చదివింది. ఉపమాలంకారానికి ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలున్నాయని మనం చదువుకున్నాం. ఆ పేర్లను ఎనిమిదేళ్ల పిల్ల మీద మోపకండి. ఆ నాలుగింటినీ నాలుగు చిన్న ప్రశ్నలు చేయండి. దేని గురించి చెప్తున్నావు? దేనితో పోల్చావు? ఎందులో కలిశాయి? కలిపిన మాట ఏది? మొదటి రెండూ, చివరిదీ పిల్లలు ఇట్టే చెప్తారు. మూడోదే తిప్పలు పెడుతుంది, అందుకే రోజూ అడగాల్సింది దాన్నే. "ఎందులో?" అన్న ఒక్క మాట పోలికల పాఠంలో సగం పని చేస్తుంది.

వాలుగ చేప దవడను బల్ల మీద పెట్టి, ఇది దేనిలా ఉందో చెప్పండి అన్నారనుకోండి. మొదట వచ్చే జవాబు "దువ్వెనలా ఉంది". సరైనదే, అందరికీ తట్టేదే. మెచ్చుకుని, ఇంకా అనండి. "రంపంలా." ఇంకా. అప్పుడు ఒక పిల్ల దాని మీద వేలు రాసి, "మా నాన్న గెడ్డం గీసుకోని రోజు బుగ్గలాగుంది" అంటుంది. ఎందులో అని అడిగితే, "గరగరమంటాది" అని ఆలోచించకుండా చెప్తుంది. ఈ మూడో వరస జవాబు కోసమే మనం ఆగాలి. మొదటి జవాబు ఊరందరిది, మూడోది ఆ పిల్లది. మొదటి జవాబుకే చప్పట్లు కొట్టి పాఠం ముగించేస్తే మూడోది బయటికే రాదు.

రూపకం దగ్గర తొందరపడకూడదు. "మా అప్ప పొయ్యిలా మండిపోతోంది" అన్నది రెండో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. "మా అప్ప ఒట్టి పొయ్యి" అంటే, "అప్ప పొయ్యెలాగవుద్ది సారూ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. ఆ వయసులో మాటను ఉన్నది ఉన్నట్టే పట్టుకుంటారు. నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి "లా" తీసేసినా పోలిక నిలబడుతుందని వాళ్లే కనిపెడతారు. అప్పటిదాకా "లా"ను వదలకండి. ప్రాణం లేనివాటికి ప్రాణం పోయడం మాత్రం ఒకటో తరగతికే వచ్చు. గాలి తలుపు తట్టింది, రైలు కేకేసింది, సైకిల్ అలిగింది. ఇవి నేర్పక్కర్లేదు, వాళ్లు అన్నప్పుడు గుర్తుపట్టి పలక మీద రాస్తే చాలు.

అతిశయోక్తి సంగతి వేరు. అందులో పిల్లలు మనల్ని మించినవాళ్లు. "లచ్చసార్లు సెప్పాను", "కొండంత ఆకలేసింది." అయితే బడిలో "అబద్ధం ఆడకూడదు" అని కూడా చెప్తాం కదా, రెండింటికీ తేడా ఏమిటి? ఈ ప్రశ్న తరగతిలో పెట్టండి. విన్నవాడు నమ్మాలని చెప్పేది అబద్ధం. విన్నవాడు నమ్మడని తెలిసీ, ఎంత గట్టిగా అనిపించిందో చూపించడానికి చెప్పేది అతిశయోక్తి. "హోంవర్కు చేశాను సార్, పుస్తకం ఇంటి దగ్గర మరిచిపోయాను" అన్నది ఏ కోవలోకి వస్తుందో వాళ్లే తేల్చుకుంటారు. తరగతి నవ్వుతుంది, పాఠం దిగుతుంది.

జాతీయాలకు బొమ్మలు గీయించడం చాలామంది చేసేదే, మంచి పని. కాలికి బలపం కట్టుకున్నవాడిని, కడుపులో పరిగెత్తే ఎలుకల్ని ఒక పక్క గీసి, అసలు సంగతిని రెండో పక్క గీస్తారు. దాని గురించి ఎక్కువ చెప్పను.

పొడుపు కథ గురించి మాత్రం చెప్పాలి. పోల్చిన వస్తువును దాచేసి పోలికను మాత్రమే బయట పెడితే అది పొడుపు కథ. అందుకే పోలికలు నేర్పడానికి దానికి మించిన పనిముట్టు లేదు. పుస్తకంలో ఉన్నవి విప్పించడంతో ఆపకండి, కొత్తవి కట్టించండి. పొందూరు రాట్నం చక్రానికి 24 ఆకులుంటాయి. చక్రానికి ఉండే అడ్డు కర్రలను మనం ఆకులనే అంటాం. ఆ ఒక్క మాట పట్టుకుని తరగతి అంతా కలిసి ఇలా కట్టొచ్చు: "ఇరవై నాలుగు ఆకులుంటాయి, చెట్టు కాదు. రోజంతా తిరుగుతుంది, వీధి దాటదు. మెత్తనిది తింటుంది, సన్ననిది ఇస్తుంది." మూడు వాక్యాలు, మూడు పోలికలు. ప్రతిదానికీ "ఎందులో?" అడిగితే జవాబుంది. పిల్లలు దీన్ని ఇంటికి తీసుకెళ్లి మామ్మను విప్పమంటారు, ఆవిడ విప్పి ఇంకోటి పొడుస్తుంది. మరుసటి రోజు అది మీ తరగతికి వస్తుంది. చదువురాని పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో "మేమేం నేర్పగలం" అని దిగులుపడే తల్లిదండ్రులకు నేను ఇచ్చే సలహా ఇదే: మీ పిల్లకు రోజూ ఒక పొడుపు కథ వేయండి.

సామెతల దగ్గర ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మన సామెతల్లో కులాలను, చేతివృత్తులను, ఆడవాళ్లను, కంటిచూపో కాలో లేనివాళ్లను కించపరిచేవి చాలా ఉన్నాయి. సంకలనాల్లో అచ్చయ్యాయి కాబట్టి బడిలో చెప్పొచ్చని కొందరు అనుకుంటారు. చెప్పకూడదు. నేతపని చేసే ఇంటి పిల్ల ముందు బెంచీలో కూర్చుని ఉండగా నేతవాళ్ల మీద ఎగతాళి సామెత చదివితే, ఆ పిల్లకు ఆ రోజు అందేది భాష కాదు, అవమానం. "ఇంటి నుంచి సామెతలు రాసుకురండి" అన్నప్పుడు అలాంటివీ వస్తాయి. తెచ్చిన పిల్లవాడిని తిట్టకండి. పైకి చదివించే ముందు మీరు ఒకసారి చూసుకుని పక్కన పెట్టండి. తర్వాత వాడిని ఒక్కడినే పిలిచి ఎందుకు పక్కన పెట్టారో చెప్పండి.

చెవి ముందు, పెన్సిలు తర్వాత

విరామ చిహ్నాలను మన బళ్లలో ఒక పట్టికలా నేర్పుతున్నాం. చుక్కకు పూర్ణ విరామం, కామాకు అల్ప విరామం, ఇంకో రెండు పేర్లు, వాటి గుర్తులు. పిల్లలు పట్టిక అప్పజెప్తారు, రాసిన పేజీలో మాత్రం ఒక్క చుక్క ఉండదు.

మన తాళపత్రాల్లో మాటకూ మాటకూ మధ్య ఎడమే ఉండేది కాదు. ఎక్కడ ఆగాలో చదివేవాడి చెవికి తెలిసేది. కామాలు, ప్రశ్న గుర్తులు అచ్చు పుస్తకాలతో పాటు మనకు అలవాటయ్యాయి. అవి పుట్టినచోట కూడా చెవి కోసమే పుట్టాయి. క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో అరిస్టోఫెనిస్ అనే పండితుడు, పైకి చదివేవాళ్ల కోసం మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టాడు: కొంచెం ఆగు, ఇంకాస్త ఆగు, పూర్తిగా ఆగు. వాటికి వ్యాకరణం పని అప్పజెప్పింది తర్వాతివాళ్లు. మనం పిల్లలకు తర్వాత వచ్చినదాన్ని ముందు నేర్పుతున్నాం.

తెలుగుకు ఇంకో విశేషం ఉంది, దాన్ని పంతుళ్లు గమనించాలి. గుర్తులు చేయాల్సిన పనిలో చాలా భాగాన్ని మన మాటలే చేసేస్తాయి. "వచ్చావా" అన్నప్పుడు ప్రశ్న ఆ చివరి దీర్ఘంలోనే ఉంది. "గౌరీ" అన్నప్పుడు పిలుపు ఆ దీర్ఘంలోనే ఉంది. "అని" అన్న మాట రాగానే ఎవరో అన్న మాట అక్కడితో ముగిసిందని తెలుస్తుంది. ఈ వసతి వల్లే పిల్లలకు గుర్తులు అనవసరమనిపిస్తాయి. వాళ్ల దృష్టిలో అది నిజమే! కాబట్టి గుర్తు లేకపోతే నిజంగా పని చెడిపోయే వాక్యాలతో మొదలుపెట్టాలి.

పలక మీద "ఇదే మీ ఇల్లు" అని రాయండి. ముగ్గురిని లేపి మూడు రకాలుగా చదవమనండి. ఒకరు చూపిస్తూ చెప్పాలి, ఒకరు అడగాలి, ఒకరు నోరు వెళ్లబెట్టాలి. మాటలు అవే, గొంతు మారింది. గొంతును కాగితం మీద పెట్టడం ఎలా? చుక్క, ప్రశ్న గుర్తు, ఆశ్చర్యార్థకం అక్కడ వాళ్ల అవసరం కొద్దీ వస్తాయి.

తర్వాత "గౌరి అప్ప వచ్చారు" అని రాయండి. ఎంతమంది వచ్చారు? గౌరికి అప్ప అయినావిడ ఒక్కరే వచ్చారని కొందరంటారు. మధ్యలో కామా పెట్టండి: "గౌరి, అప్ప వచ్చారు." ఇప్పుడు ఇద్దరు. "గౌరీ! అప్ప వచ్చారు" అంటే గౌరి ఇంట్లోనే ఉంది, వార్త ఆమెకే చెప్తున్నాం. మూడు వాక్యాలనూ పిల్లల చేత ఆడించండి. ఇద్దరు తలుపులోంచి రావాలి, ఒకరు లోపల కూర్చోవాలి. కామా పెట్టినప్పుడల్లా ఇంకో మనిషి లేచి నిలబడాల్సి వస్తే, కామా విలువ ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు.

మాటకూ మాటకూ మధ్య ఎడాన్ని కూడా నేను విరామ చిహ్నంగానే లెక్కపెడతాను. "ఎర్రపత్తి బుట్ట", "ఎర్ర పత్తిబుట్ట" ఒకటి కావు. మొదటిదాంట్లో పత్తి ఎర్రది, రెండోదాంట్లో బుట్ట ఎర్రది. ఎర్రపత్తి పేరు విన్న పొందూరు పిల్లలకు ఈ ఉదాహరణ నాలుక మీద నిలుస్తుంది. పదాలను ఇష్టమొచ్చినట్టు విడగొట్టి రాసే అలవాటు ఐదో తరగతిలో దిద్దకపోతే డిగ్రీ దాకా పోదు.

చుక్క ఎక్కడ పెట్టాలో చెప్పడానికి "క్రియ వచ్చిన చోట" అన్న సూత్రం చాలామంది వాడతారు. చాలావరకు పనిచేస్తుంది. "వెళ్లి, కొని, తెచ్చి" దగ్గర పని ఇంకా పూర్తి కాలేదు, "ఇచ్చాడు" దగ్గర పూర్తయింది. కానీ "ఆమె మా అప్ప" అన్న వాక్యంలో క్రియ లేదు, అయినా అది నిండు వాక్యం. సూత్రాన్ని నమ్ముకున్న తెలివైన పిల్ల అక్కడ ఆగదు. కాబట్టి సూత్రంతో పాటు చెవినీ అడగమనండి: ఇక్కడ ఆగితే విన్నవాళ్లకు చాలా, ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తారా? ఇంకో మాట. "వెళ్లి", "కొని" తర్వాత ప్రతిసారీ కామా పెట్టాలని పట్టుబట్టకండి. చిన్న వాక్యానికి అక్కర్లేదు. ఊపిరి అందనంత పొడవైనప్పుడు పెట్టుకుంటే చాలు. అక్కర్లేని కామా కూడా తప్పేనని పిల్లలకు తెలియాలి.

డిక్టేషన్ దగ్గర మనం చేసే పని ఒకటి మానేయాలి. "రాము బడికి వెళ్లాడు ఫుల్‌స్టాప్" అని చెప్పి రాయిస్తాం. చుక్కలన్నీ పడతాయి, దిద్దడం తేలిక. కానీ పిల్ల విన్నది ఆగడాన్ని కాదు, "ఫుల్‌స్టాప్" అన్న మాటను. గుర్తుల పేర్లు ఎత్తకుండా, గొంతుతోనే ఆగుతూ, పెంచుతూ, తగ్గిస్తూ చదవండి. మొదటిసారి వినడం, రెండోసారి రాయడం, మూడోసారి చుక్కలూ కామాలూ పెట్టుకోవడం. ఐదారు వాక్యాలు చాలు. మొదటి వారం ఫలితాలు చూసి బెంగపడకండి. పిల్లలు తప్పులు పెడతారు, అయినా అవి చెవితో విని పెట్టిన తప్పులు. తోటివాడి పుస్తకం తీసుకుని, వాడు పెట్టిన గుర్తుల ప్రకారమే పైకి చదవమనండి. చుక్క లేనిచోట ఆగకూడదు, తప్పుచోట ఉంటే అక్కడ ఆగాల్సిందే. తన వాక్యం అలా విరగడం విన్న పిల్ల మనం ఎర్ర ఇంకు పెట్టకముందే రబ్బరు అందుకుంటుంది.

చదివే వేగం గురించి కూడా చెప్పాలి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. లక్ష్యం మంచిదే. గడియారం చేతిలో ఉన్నప్పుడు "అర్థం చేసుకుంటూ" అన్న మాట జారిపోయి 60 ఒక్కటే మిగిలే ప్రమాదం ఉంది. పిల్లలు చుక్కలు మింగేస్తూ పరిగెత్తడం నేర్చుకుంటారు. గడియారంతో చదివించిన ప్రతి పేరాను, గడియారం లేకుండా ఇంకొకరికి వినిపిస్తున్నట్టు మళ్లీ చదివించండి.

రెండు కొటేషన్ల మధ్య ఇంటి మాట

"రాము నేను రానన్నాడు." ఎవరు రావడం లేదు? రామునా, చెబుతున్న మనిషా? తెలుగులో ఈ వాక్యం నిజంగానే రెండు దారులు పడుతుంది. రాము "నేను రాను" అన్నాడు అని రాస్తే తగువు తీరిపోతుంది. ఎవరి నోటి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు ఇది. ఈ గుర్తు ఉత్తరాంధ్ర పిల్లలకు ఇంకో మేలు కూడా చేస్తుంది.

మన పిల్లలు ఇంట్లో "బేగి రా", "ఒగ్గేయ్", "ఏటయింది" అంటారు. బడికొచ్చి నోట్‌బుక్ తెరిచేసరికి ఆ మాటలు తప్పులైపోతాయి. నాలుగుసార్లు దిద్దించుకున్న పిల్ల రాయడమే తగ్గించేస్తుంది. తన మాట తప్పయితే తన పోలికా తప్పేనేమో అనుకుంటుంది. గరగరమంటాది అన్న పిల్ల ఆ రోజు నుంచి అలా అనదు. కొటేషన్ గుర్తులు నేర్పితే ఆ పిల్లకు దారి దొరుకుతుంది. గుర్తుల బయట పాఠం భాష రాయి, గుర్తుల లోపల మీ మామ్మ ఎలా అందో అలాగే రాయి. రెండింటికీ చోటుంది, రెండూ ఒప్పే.

ఈ మాట నేను కొత్తగా చెప్పడం లేదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు జీవితమంతా చెప్పింది ఇదే: జనం మాట్లాడే తెలుగే బడిలోకి, పుస్తకంలోకి రావాలని. ఆయన బడిపంతులుగా పనిచేసి, పిల్లలు చదువుతున్న తెలుగుకూ బతుకుతున్న తెలుగుకూ మధ్య దూరాన్ని దగ్గర నుంచి చూశారు. సవర పిల్లల కోసం ఆ భాష నేర్చుకుని అందులోనే పాఠ పుస్తకాలు రాశారు. సవర ఇళ్ల నుంచో ఒడియా ఇళ్ల నుంచో వచ్చిన పిల్ల మీ తరగతిలో ఉంటే, కొటేషన్ల మధ్య వాళ్ల అమ్మ మాటను తెలుగు లిపిలో రాయనివ్వండి. పక్కన అర్థం మీరు అడిగి తెలుసుకోండి.

ఈ ప్రాంతం నుంచే మురపాకలో 1924లో పుట్టిన కాళీపట్నం రామారావుగారు వచ్చారు. ఆయనా దశాబ్దాల పాటు బడిపంతులే. ఆయన కథల్లో మనుషులు తమ మాటే మాట్లాడతారు. 1997లో ఆయన శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయంలో తెలుగు కథలు వేల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. ఐదో తరగతి పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఏ పుస్తకమైనా తెరిచి, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటల్ని మాత్రం వెతకమనండి. తమ ఇంట్లో వినిపించే మాటలు అచ్చులో కనిపించినప్పుడు ఆ పిల్లల మొహాలు చూడాలి.

ఇక ఇంటికి ఇచ్చే పని. ఈ రాత్రి అన్నాల దగ్గర ఇద్దరు ఏం మాట్లాడుకున్నారో ఆరు వరసలు రాసుకురమ్మనండి. ఎవరి మాటలు వాళ్ల కొటేషన్లలో ఉండాలి, ఎక్కడ ఆగారో అక్కడ గుర్తు ఉండాలి, ఒక్క పోలికైనా ఉండాలి, అదీ ఇంట్లో నిజంగా అన్నదై ఉండాలి. దిద్దేటప్పుడు ఒకసారికి ఒక్కటే దిద్దండి. ఈ వారం చుక్కలు, వచ్చే వారం కొటేషన్లు. పేజీ అంతా ఎర్రగా చేసి ఇచ్చిన పుస్తకాన్ని పిల్లలు మళ్లీ తెరవరు.

గిడుగువారి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నాం. ఆ రోజు చాలా బళ్లలో తెలుగు గొప్పదనం మీద వక్తృత్వ పోటీ పెడతారు. ఎవరో పెద్దలు రాసిచ్చినదాన్ని పిల్లలు అప్పజెప్తారు. ఈ ఆగస్టు 29న ఆ పోటీని పక్కన పెట్టండి. పిల్లలు ఇంటి నుంచి రాసుకొచ్చిన ఆ ఆరు వరసల సంభాషణల్ని, గుర్తుల ప్రకారం ఆగుతూ, ఇద్దరిద్దరు నిలబడి చదివేలా చూడండి. వినడానికి వాళ్ల అమ్మానాన్నల్నీ మామ్మల్నీ పిలవండి.